ఎండాకాలం సిస్టరు

మా వదినకి ఆసుపత్రిలో ఇంకో పేరుంది. ఎండాకాలం సిస్టరు. పెట్టింది రోగులు. ఆపరేషన్ వార్డులో ఆవిడ డ్యూటీలో ఉన్నంతసేపూ ఎవరి గొంతులోకీ చుక్క నీళ్ళు దిగవని అలా పిలిచేవాళ్ళు. ఈ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి బాధపడలేదు సరికదా, కాస్త మురిసిపోయేది కూడా.

"మంచి సిస్టరని పేరు తెచ్చుకోవడం ఎంతసేపయ్యా, నాలుగు నవ్వులు పారేస్తే సరి. నా పేషెంటు బల్ల మీద పడుకుని మళ్ళీ లేచి రావాలి. నాకు అదొక్కటే కావాలి" అనేది.

మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఏదైనా ఉంటే అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉందట. అందుకని ముందురోజు రాత్రి భోజనం అయ్యాక ఇంకేమీ ముట్టకూడదు, మంచినీళ్ళతో సహా. వదిన నర్సింగు చదివే రోజుల్లో నేర్పిన పాఠం ఇది. నేర్చుకున్నదాన్ని తు.చ. తప్పకుండా పాటించే మనిషి ఆవిడ. పాఠం మారితే మారవచ్చని ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. దుకాణాల పేర్లు, బళ్ళ మీద నంబర్లు, ఇక్కడ వాహనాలు నిలపరాదు, ఇక్కడ ఉమ్మరాదు, అలాంటివి. ఆ వార్డులో మంచాలకి తగిలించే రేకు బోర్డులు కూడా నా చేతివే. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలతో "నోటికి ఏమీ ఇవ్వరాదు". రాసేటప్పుడు వదిన నా భుజం మీదినుంచి తొంగిచూస్తూ నిలబడింది. పని చేసుకుంటుంటే వెనక నిలబడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. అక్షరాలు వంకరపోతాయి. ఆ మాటే అన్నాను.

"వంకరపోతే పోనీ, లావుగా రాయి. చదువు రానివాళ్ళు కూడా చూసి భయపడాలి" అంది.

భయపడ్డారు కూడా. నేను రాసిన బోర్డుల్లో జనం మాట విన్నది అదొక్కటే. ఉమ్మరాదు అని రాసిన గోడ మీద ఉమ్మే ధైర్యవంతులు సైతం వదిన వార్డులో పెదాలు తడుపుకోవడానికి ఆవిడ ముఖం చూసేవాళ్ళు.

ఇంట్లోనూ ఆవిడ తీరు అంతే. దుప్పటి మూలలు ఆసుపత్రి మంచానికి మడిచినట్టే మడుస్తుంది. ఎవరికైనా జ్వరం వచ్చిందంటే ఇల్లు వార్డయిపోతుంది. మా అన్నయ్య పెళ్ళయిన కొత్తలోనే చేతులెత్తేశాడు. ఎదురు నిలిచింది మా అమ్మ ఒక్కతే. కూరలో ఉప్పు దగ్గర్నుంచి తలుపు గడియ దాకా ఆ అత్తాకోడళ్ళిద్దరికీ ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంది, ఒకరిది తూర్పయితే ఇంకొకరిది పడమర. అయినా వదిన డ్యూటీ దిగి వచ్చేదాకా అమ్మ కంచం ముందు కూర్చునేది కాదు. ఆకలేస్తే తినేయొచ్చుగా అంటే, "ఎవరితో పోట్లాడుతూ తినమంటావురా?" అనేది.

ఇలా సాగుతుండగా ఆ ఆసుపత్రికి కొత్తగా ఒక మత్తు డాక్టరు వచ్చింది. వయసులో చిన్నది, మాటలో నిదానం. ఒకరోజు వార్డులోకి వచ్చి, బోర్డులన్నీ చూసి, వదినతో మెల్లగా అంది.

"సిస్టర్, ఉత్త మంచినీళ్ళయితే ఆపరేషన్‌కి రెండు గంటల ముందు దాకా తాగొచ్చండీ. ఎన్నో ఆసుపత్రుల్లో పరిశోధన చేసి చూశారు. నీళ్ళు కడుపులో అంతసేపు నిలవ్వు. పైగా ఎండబెట్టడం వల్లే తలనొప్పి, నీరసం, కళ్ళు తిరగడం. పెద్దవయసు వాళ్ళకైతే మరీనూ. ఇది ఇవాళ్టి మాట కూడా కాదు, పాతదే."

"రెండు గంటల ముందంటే, దేనికి ముందు మేడమ్?" అంది వదిన.

"ఆపరేషన్‌కి."

"అదెప్పుడు?"

డాక్టరమ్మ లిస్టు చూపించింది. వదిన ఆ లిస్టు వైపు చూడను కూడా చూడలేదు. "పొద్దున అన్న కేసు మీ థియేటర్‌లో సాయంత్రం అవుతుంది. సాయంత్రం అన్నవాణ్ణి పొద్దున్నే తెమ్మంటారు. నేను ఇలా నీళ్ళు పట్టగానే అలా పిలిచారనుకోండి. అప్పుడు మీ పరిశోధన వచ్చి నా పక్కన నిలబడుతుందా?"

ఆ పిల్ల డాక్టరు కాసేపు నీళ్ళు నమిలి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి వదిన ఈ కథంతా చెబితే నేను నవ్వాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనడం మా వదినకి మామూలే అనుకున్నాను. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నలో పస ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. నీళ్ళు మంచివా చెడ్డవా అన్నది డాక్టర్లు తేల్చేశారు. ఎన్నింటికి ఆపాలో వార్డుకి చెప్పే మనిషే ఎక్కడా లేడు. అందుకే అందరూ అన్నీ ఆపేసి చేతులు దులుపుకునేవాళ్ళు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. తీసుకెళ్ళి వదిన వార్డులోనే చేర్చాం. వదినే దగ్గరుండి పక్క సర్దింది, వదినే సెలైను పెట్టింది, రాత్రి భోజనం అయ్యాక అమ్మ తలవైపు బోర్డు తగిలించింది కూడా వదినే. నా చేతిరాత నాకే గుచ్చుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు లిస్టులో అమ్మ పేరు రెండోది. ఇంతలో రోడ్డు ప్రమాదం కేసు ఒకటి వచ్చింది. అమ్మ వంతు మధ్యాహ్నానికి వెనక్కి జరిపారు. మధ్యాహ్నం ఇంకో కేసు గంటలకొద్దీ సాగింది. "కాసేపట్లో పిలుస్తాం" అన్న మాట తప్ప థియేటర్ నుంచి ఇంకో మాట రాలేదు. అమ్మ పొద్దున విసుక్కుంది, తర్వాత బతిమాలింది.

"సెలైను నరంలోకి పోతోంది గానీ నాలుక మీదికి రావట్లేదే అమ్మాయ్. ఒక్క గుక్క. మింగను, పుక్కిలించి ఉమ్మేస్తాను."

వదిన దూది తడిపి పెదాలు తుడిచింది. అంతకుమించి ఒక్క బొట్టు కూడా ఇవ్వలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వదినా, ఎవరు చూడొచ్చారు? నీ వార్డేగా!" అన్నాను, కాస్త గట్టిగానే.

"నా వార్డు కాబట్టే" అంది.

మధ్యాహ్నం దాటాక అమ్మ మాట తేడాగా రాసాగింది. నన్ను పట్టుకుని మా మేనమామ అనుకుంది. గోడ మీద ఎవరో ఉన్నారంది. వదిన వచ్చి చెయ్యి పట్టుకుంటే, ఆమె ముఖంలోకి తేరిపార చూసి, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు చాలా మర్యాదగా అంది.

"ఏమండీ, మీరెవరో గానీ, మా కోడలు ఈ ఆసుపత్రిలోనే పనిచేస్తుంది. కాస్త పిలుస్తారా? అది వస్తే నాకు నీళ్ళిస్తుంది."

వదిన "పిలుస్తానండీ" అంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. నేను కోపమంతా మర్చిపోయి తలతిప్పుకున్నాను. సాయంత్రానికి థియేటర్ వాళ్ళు "ఇవాళ కుదరదు, రేపు" అన్నారు. అప్పుడు వదిన బోర్డు తీసి పక్కన పడేసి, చెంచాతో నీళ్ళు పట్టింది.

మర్నాడు ఆపరేషన్ అయింది. మాట తేడా కూడా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంది. విరిగిన ఎముక, నొప్పి, కొత్తచోటు, ఎండిపోవడం, అన్నీ కలిసి పెద్దవాళ్ళని అలా చేస్తాయని మత్తు డాక్టరు చెప్పింది. అమ్మ ఆసరాకిచ్చిన నడిచే బండి పట్టుకుని ఇంట్లో మళ్ళీ పెత్తనం మొదలుపెట్టింది. ఆ రోజు తను అన్న మాటలు ఆమెకి గుర్తులేవు. దాహం మాత్రం గుర్తుంది. "మళ్ళీ ఆ గడప తొక్కను. పోతే ఇక్కడే పోతాను, గొంతు తడుపుకుని పోతాను" అని తీర్మానించేసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, కొన్ని నెలలకి అమ్మకి కడుపులో పోటు మొదలైంది. పరీక్ష చేస్తే పిత్తాశయంలో రాళ్ళన్నారు. తీసేయాలన్నారు.

"యాభై ఏళ్ళనించీ ఇంతమందిని మోస్తున్నాను, నాలుగు రాళ్ళు మోయలేనా?" అంది అమ్మ.

పోటు రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది. ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇప్పుడు తీరుబడిగా చేస్తే చిన్న ఆపరేషన్. రాయి వెళ్ళి అడ్డుపడి, చీము పట్టి, అప్పుడు పరుగులమీద తెస్తే ఈ వయసులో మనిషి దక్కడం కష్టం. మేమందరం అమ్మ చుట్టూ చేరి చెప్పి చూశాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వినలేదు.

ఆఖరికి వదిన గుమ్మంలో నిలబడి, "నీళ్ళిస్తే వస్తారా అత్తయ్యా?" అంది.

అమ్మ ఆవిడ వైపు ఓరగా చూసింది. "నా ఒక్కదానికే ఇస్తావా? కోడలు వార్డని నాకు దొంగచాటుగా పోస్తావా? అలాంటి నీళ్ళు నాకొద్దు. ఆ బోర్డులన్నీ దింపు. అప్పుడు చూద్దాం."

మర్నాడు పొద్దున్నే వదిన ఆ మత్తు డాక్టరు గదికి వెళ్ళింది. "మేడమ్, అప్పుడెప్పుడో పరిశోధనలు అన్నారే, ఆ కాగితాలు ఇలా ఇవ్వండి."

"ఇప్పుడేం వచ్చింది సిస్టర్?"

"మా అత్తగారు సమ్మె చేస్తున్నారు."

డాక్టరమ్మ నవ్వింది, వదిన నవ్వలేదు. ఇద్దరూ కూర్చున్నారు. ఏ వయసు వాళ్ళకి ఏమిటి, ఎవరికి ఇది పనికిరాదు, కడుపు మెల్లగా ఖాళీ అయ్యే జబ్బులున్నవాళ్ళని ఎలా వేరు చెయ్యాలి, ఒక్కొక్కటీ వదిన అడిగి అడిగి తెలుసుకుంది. డాక్టరమ్మకి కూడా వార్డు సంగతులు చాలా తెలియవు. పొద్దున నీళ్ళ కూజాలు ఎవరు నింపుతారో, లిస్టు మారితే ఆ కబురు ఎవరి నోటినుంచి ఎవరి చెవికి చేరుతుందో వదిన చెప్పింది. అప్పటినుంచీ ఆ ఇద్దరికీ జత కుదిరింది.

పెద్ద డాక్టరు వెంటనే ఒప్పుకోలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడనే సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది. అయితే ఆయన చెడ్డవాడేం కాదు, భయస్థుడు. చేతిలో కత్తి పట్టుకునేవాడికి ఆ భయం ఉండాలి కూడా. "కొన్నాళ్ళు చూద్దాం. దీనివల్ల ఒక్కళ్ళకి ఇబ్బంది అయినా పాత పద్ధతే" అన్నాడు.

బోర్డు రాయడానికి నన్ను పిలిచారు. డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. "శస్త్రచికిత్సకు రెండు గంటల ముందు వరకు మాత్రమే స్వచ్ఛమైన ద్రవపదార్థములను స్వీకరించవచ్చును" అని ఉంది.

"ఇది చదివేలోపు ఆపరేషన్ అయిపోతుందమ్మా" అన్నాను. పొడుగు వాక్యాలంటే నాకు మంట. రేకు పట్టదు, కన్ను ఆగదు. చివరికి రెండు వైపుల బోర్డు చేశాను. ఒకవైపు ఆకుపచ్చ, "నీళ్ళు తాగవచ్చు". తిప్పితే ఎరుపు, "ఇక ఆపాలి". వదిన ఈసారి కూడా వెనకే నిలబడింది గానీ, లావుగా రాయమని అడగలేదు.

బోర్డు తిప్పాలంటే కబురు రావాలి కదా. ముందు కేసు బల్ల ఎక్కగానే థియేటర్‌లోని టెక్నీషియన్ వార్డుకి ఫోను చేసి, తర్వాతి మనిషిని ఎన్నింటికి పిలుస్తారో చెప్పాలని నిర్ణయం. టెక్నీషియన్ నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. సరే అన్నాడు, చెయ్యలేదు. వదిన చేస్తే ఎత్తలేదు. వదిన రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు లిస్టులో ఉన్న రోగుల బంధువులందరినీ పిలిచి, చాలా మెత్తగా చెప్పింది.

"మీవాళ్ళకి నీళ్ళు ఎప్పుడు ఆపాలో నాకు తెలీదు. థియేటర్ వాళ్ళకి తెలుసు. వెళ్ళి అడగండి. చెప్పకపోతే మళ్ళీ అడగండి."

వాళ్ళు అడిగారు. ఒకడు వెళ్ళి వస్తే ఇంకొకడు వెళ్ళాడు. ఒక ముసలమ్మ థియేటర్ తలుపు దగ్గర చాప పరుచుకుని కూర్చుని, తెరిచినప్పుడల్లా "నాయనా, మా ఆయనకి పట్టనా, మాననా?" అని అడిగిందట. సాయంత్రానికి టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్, మీకు దణ్ణం పెడతాను, మీ సైన్యాన్ని వెనక్కి పిలవండి. ఫోను నేనే చేస్తాను." ఆ తర్వాత ఫోను ఎప్పుడూ తప్పలేదు.

అంతా గాడిలో పడిందనుకుంటుండగా కాఫీ వచ్చిపడింది. నీళ్ళతోపాటు పాలు కలపని కాఫీ కూడా తాగవచ్చని ఆ కాగితాల్లో ఉంది. వదిన వార్డులో పనిచేసే ఆయమ్మకి అలాగే చెప్పింది. ఆయమ్మ వార్డులో అందరికంటే మెత్తని మనిషి. ఒక పెద్దాయన ఆపరేషన్‌కి ముందు దిగులుగా కూర్చుంటే జాలిపడి కాఫీ తెచ్చింది. అందులో పాలు పోసింది. పాలంటే మంచినీళ్ళలాగా తొందరగా దిగవు, అన్నం తిన్నట్టే లెక్క. ఆ పెద్దాయన మర్యాదస్థుడు. మత్తు డాక్టరు అడిగితే, "కాఫీ చాలా బాగుందండీ, చిక్కగా" అని మెచ్చుకున్నాడు. ఆయన ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది.

"పాలు వద్దని చెప్పానుగా!" అంది వదిన.

"పాలు లేకుండా కాఫీ ఏంటమ్మా? పెద్దాయన చేతికి ఆ నల్లనీళ్ళు ఎలా ఇవ్వను? ఏం అనుకుంటాడు?" అని ఆయమ్మ ఏడ్చేసింది. "ఒక్క రవ్వే పోశాను."

నేనైతే నాలుగు దులిపేవాణ్ణి. వదిన అలా చెయ్యలేదు. తనే పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, ఆయన పిలిచేలోపే జరిగింది చెప్పింది. "తప్పు నాది సార్. కాఫీ అన్న మాట మనవాళ్ళ నోట్లో పాలతో కలిసే పుడుతుంది. దాన్ని విడదీయమని ఆయమ్మని అడగడం నా తెలివితక్కువ. కాఫీ తీసేస్తున్నాను. ఉత్త నీళ్ళే ఇస్తాం. నీళ్ళలో ఎవరూ ఏమీ కలపరు."

మత్తు డాక్టరు కూడా పక్కనే ఉంది. కాగితాల్లో ఉన్నదాన్ని వదులుకోవడానికి ఒక్క క్షణం మనసొప్పలేదు ఆ పిల్లకి, ముఖంలో తెలిసిపోయింది. తర్వాత, "మా కాగితాలు రాసినవాళ్ళకి మీ ఆయమ్మ తెలీదు సిస్టర్. నీళ్ళే ఉంచుదాం" అంది.

పెద్ద డాక్టరు ఏమంటాడోనని ఇద్దరూ చూస్తుంటే, ఆదుకున్నది ఎవరనుకున్నారు, ఆ టెక్నీషియన్. ఏదో సంతకానికి వచ్చి, విషయం విని, "ఆపకండి సార్. ఈమధ్య సూది గుచ్చడానికి నరాలు తేలిగ్గా దొరుకుతున్నాయి. ఇదివరకు ఎండిన కట్టెల్లో వెతికినట్టుండేది" అన్నాడు. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, కానివ్వండి" అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరికీ దక్కలేదట.

ఇంటికొచ్చి వదిన ఇదంతా చెప్పింది. అమ్మ నమ్మలేదు. నేను చూశానంటే, "నువ్వు మీ వదిన పక్షం" అంది. ఒకరోజు రోగుల్ని చూడనిచ్చే వేళకి నడిచే బండి తోసుకుంటూ తనే బయల్దేరింది. వార్డులో ఈ చివరి మంచం నుంచి ఆ చివరి మంచం దాకా ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "ఏమ్మా, నీళ్ళిచ్చారా? అడిగితే ఇచ్చారా, అడక్కుండానే ఇచ్చారా?" అని వాకబు చేసింది. రోగులు ఎవరో పై అధికారి అనుకుని పక్కలు సర్దుకున్నారు. వదిన మందుల అల్మారా వెనక నిలబడి తల పట్టుకుంది.

ఒకామె మాత్రం నింపాదిగా, "అడక్కుండానే ఇచ్చారమ్మా. ఆపమన్నప్పుడు ఎందుకు ఆపాలో కూడా చెప్పారు. అది చెబితే దాహం పెద్దగా తెలీదు" అంది.

అమ్మ ఇంటికొచ్చి, చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "ఎప్పుడట ఆ రాళ్ళు తీసేది?" అంది. మా అన్నయ్య ఆ మాట విని వీధిలోకి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఎందుకు వెళ్ళాడో తనకే తెలీదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఊరించి చెప్పడం నాకు చేతకాదు. తీసిన రాళ్ళు అమ్మ ఒక సీసాలో వేయించుకుని ఇంటికి తెచ్చుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు పొద్దున వార్డులో జరిగింది.

అమ్మ పేరు ఆ రోజు కూడా రెండోదే. నేను అమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాను. తలవైపు నా బోర్డు ఆకుపచ్చగా ఉంది. అమ్మ గ్లాసు పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా తాగుతూ, ఎదుటి మంచం ఆమె కుటుంబ చరిత్రంతా లాగుతోంది. థియేటర్ నుంచి ఫోను వచ్చింది. వదిన వచ్చి బోర్డు ఎర్రవైపుకి తిప్పింది. "ఇంక ఆపాలి అత్తయ్యా" అంది. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా గ్లాసు ఇచ్చేసింది.

కాసేపటికి మళ్ళీ ఫోను. ముందు కేసు అనుకున్నదానికంటే కష్టంగా ఉంది, ఇంకో మూడు నాలుగు గంటలు పడుతుంది. మునుపటి సంగతి నాకు కళ్ళ ముందు కదిలి, అమ్మ వైపు చూడ్డానికి భయమేసింది. వదిన మాత్రం చకచకా వచ్చి బోర్డు తిప్పింది, ఆకుపచ్చ. చేతిలో నిండు గ్లాసు ఉంది.

"ఆలస్యమట అత్తయ్యా. తాగండి."

అమ్మ గ్లాసు అందుకుంది. నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు తాగింది. సగంలో ఆగి వదిన ముఖంలోకి చూసింది. ఈసారి కోడల్ని బాగానే గుర్తుపట్టింది.

"నేను పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను. నువ్వు అటు తిరుగుతున్నావు, ఇటు తిరుగుతున్నావు, అందరికీ పోస్తున్నావు. నువ్వు తాగావా?"

"నాకేం, తర్వాత తాగుతాను."

"తర్వాతంటే ఎప్పుడు?"

వదిన పక్క మంచం దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. అది సర్దే ఉంది. జవాబు ఆయమ్మ చెప్పింది, నేల తుడుస్తూ, తల ఎత్తకుండా.

"ఆవిడ తాగదమ్మా. లిస్టులో ఆఖరి మనిషి లోపలికి వెళ్ళేదాకా ఏమీ ముట్టదు. నేను చేరినప్పట్నించీ చూస్తున్నాను. ఇంతమంది ఎండుతుంటే వాళ్ళ ముందు నేనెలా తాగుతానూ అంటుంది. వెనక గదిలోకి వెళ్ళి కూడా తాగదు. ఇప్పుడు అందరికీ ఇస్తున్నా ఆవిడ అలవాటు పోలేదు."

ఎండాకాలం సిస్టరని నేనూ ఎన్నోసార్లు ఆటపట్టించాను. ఆ ఎండ ముందుగా ఆవిడ గొంతుకే తగిలిందని ఇంట్లో ఒక్కరికీ తెలీదు.

"ఆ రోజు కూడానా?" అంది అమ్మ. "నా ఎముక విరిగిన రోజు?"

వదిన దుప్పటి మూల మళ్ళీ మడిచింది.

"బాగుంది వరస. ఊరందరికీ కొత్త రూలు పెట్టి నువ్వొక్కదానివీ పాత రూల్లో ఉన్నావా? ఇటు రా." అమ్మ తన గ్లాసు పక్కన పెట్టేసింది. "నా ఎంగిలి వద్దులే, మళ్ళీ ఆసుపత్రి శుభ్రత అంటావు. ఆయమ్మా, ఇంకో గ్లాసు నిండా పట్రా."

ఆయమ్మ తెచ్చింది. వదిన వార్డంతా ఒకసారి చూసింది. మంచాల మీద వాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. ఎవరి గ్లాసు వాళ్ళ పక్కన ఉంది. ఆవిడ గ్లాసు అందుకుని, వార్డు మధ్యలో నిలబడి, ఎత్తి గటగటా తాగేసింది. తాగుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మెల్లిగా తాగవే పిచ్చిదానా, పొలమారుతుంది" అంది అమ్మ.